అరచేత్తో చూపిన నొప్పి

ఆ పొద్దున కాత్యాయని మంచం మీద నుంచి లేవబోయి, లేవలేక మళ్ళీ వెనక్కి ఒరిగిపోయింది. తొడలు రెండూ కొయ్యబారిపోయి ఉన్నాయి. పక్కకి తిరిగి, మోచెయ్యి ఆనించి, పరుపు అంచు పట్టుకుని ఎట్టకేలకు నిలబడింది. బాత్రూములో కూర్చోవడం ఒక ఎత్తు, లేవడం ఇంకో ఎత్తు. పళ్ళు తోముకుందామని చెయ్యెత్తితే చంక దాకా లాగింది. తుమ్మొస్తే పొట్ట పట్టుకుంది. అద్దంలో మొహం చూసుకుని, "ఏం పుట్టింది నీకు ఈ వయసులో" అంది.

ఆ గొంతు తనకే కొత్తగా వినపడింది. నిన్న సాయంత్రం భర్త ఫోను పెట్టేశాక ఆ ఇంట్లో ఎవరూ పైకి మాట్లాడలేదు మరి.

షార్జాలో అల్ నహ్దా అంటే మేడలన్నీ ఒకదాని భుజం ఒకటి రాసుకుని నిలబడ్డ పేట. ఒకరి వంటింట్లో తాలింపు వేస్తే ఇంకొకరి పడగ్గదిలో దగ్గు వస్తుంది. అంత జనం మధ్య తొమ్మిదో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు ఆమెది. పెళ్ళయ్యాక కాకినాడ నుంచి వచ్చింది మొదలు ఆ పేటలోనే ఉంది. భర్త రామచంద్రరావు అబుదాబి అవతల, సముద్రం మధ్య గ్యాసు తీసే దీవిలో సూపర్‌వైజరు. నెలన్నర అక్కడ ఉంటే మూడు వారాలు ఇంట్లో ఉంటాడు. పిల్లలు లేరు. ఆ సంగతి ఇద్దరూ ఎన్నడో మాట్లాడుకుని, ఆ తర్వాత మాట్లాడుకోవడం మానేశారు.

కాత్యాయని ఒక చిన్న స్కూల్లో పిల్లలకి హిందీ చెప్పేది. 2020లో పాఠాలన్నీ కంప్యూటరు తెర మీదికి వెళ్ళినప్పుడు సెక్షన్లు కలిపేశారు. ఇద్దరు టీచర్ల పని ఒకరు చేస్తే చాలన్నారు. ఆ ఒకరు ఆమె కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే దీవికి రాకపోకలు ఆగిపోయి రామచంద్రరావు నెలల తరబడి అక్కడే చిక్కుకుపోయాడు. ఇక్కడ ఆమె పనల్లా తలుపు బయట పెట్టిన కూరగాయల సంచీ లోపలికి తెచ్చుకోవడం, ఉప్పునీళ్ళలో కడుక్కోవడం, వండుకోవడం, తినడం. ఒకనాడు నాతూర్, అంటే వాళ్ళ బిల్డింగు కాపలావాడు, ఏదో అడగడానికి బెల్లు కొడితే తలుపు తీసి జవాబు చెప్పబోయింది. తుప్పు పట్టిన మడతబందులా గొంతు కీచుమంది. అతను కంగారుపడి రెండడుగులు వెనక్కి వేశాడు, జబ్బేమో అనుకుని. జబ్బేమీ లేదు. వాడకం లేకే అలా అయింది.

లోకం మళ్ళీ తెరుచుకున్నాక అందరూ ఎక్కడ ఆపారో అక్కడ అందుకున్నారు. ఆమెకి ఆ కొస దొరకలేదు. తెలిసిన కుటుంబాలు కొన్ని ఊళ్ళకి వెళ్ళిపోయాయి, కొన్ని అద్దె తక్కువని పక్క ఊరు అజ్మాన్ చేరాయి. వేరే స్కూళ్ళకి దరఖాస్తు పెడదామనుకుంటూనే మూడేళ్ళు గడిచాయి.

ఇంతకీ జిమ్ముకి పంపింది నీళ్ళ క్యాను. నీళ్ళ కుర్రాళ్ళు పెద్ద క్యాను తలుపు దగ్గర దించి వెళ్ళిపోతారు. దాన్నెత్తి ఫిల్టరు స్టాండు మీద బోర్లించడం రామచంద్రరావు ఉన్నప్పుడు అతని పని, లేనప్పుడు ఆమె పని. ఒకసారి సగం దాకా ఎత్తి, ఇక చేతకాక కింద పెట్టేసింది. నేల మీద కూర్చుని, క్యాను కొద్దికొద్దిగా వంచి చెంబుతో పట్టుకుని బిందె నింపుకుంది. ఆ సాయంత్రం లిఫ్టులో అంటించిన కాగితం కనపడింది. మొదటి అంతస్తులో జిమ్ము, ఆడవాళ్ళకి పొద్దున పూట, వారానికి మూడు రోజులు, ట్రైనర్ వస్తుంది.

వెళ్ళింది. ఫలితమే ఈ మంచం మీద నుంచి లేవలేకపోవడం.

తర్వాతి క్లాసుకి, లిఫ్టు ఎంతకీ రాకపోతే, మెట్ల మీద చేత్తో గోడ పట్టుకుని దిగింది. మానేద్దామనే వెళ్ళింది, ఆ మాట మొహం మీద చెప్పి వద్దామని. ట్రైనర్ పేరు అయేషా. నిజామాబాద్ పిల్ల, ముప్ఫై లోపే ఉంటుంది. తలకి నల్ల గుడ్డ బిగించి కట్టుకుని, మెడలో విజిల్ వేసుకుని ఉంటుంది. క్లాసులో మలయాళీలూ పాకిస్తానీలూ ఇద్దరు ఫిలిప్పీన్స్ అమ్మాయిలూ ఉంటారు కాబట్టి అందరికీ హిందీలో చెప్తుంది, మధ్యలో "యల్లా, యల్లా" అని తొందరపెడుతుంది. కాత్యాయని తెలుగామె అని మొదటి రోజే పసిగట్టింది.

బాతులా నడిచి వస్తున్న ఆమెని చూసి అయేషా నవ్వు ఆపుకుంది.

"ఏడ నొస్తుంది ఆంటీ?"

"ఎక్కడని చెప్పనమ్మా. ఒళ్ళంతా హూనమైపోయింది."

"గట్ల గాదు. చెయ్యి పెట్టి చూపెట్టున్రి."

కాత్యాయని అరచేతులు రెండూ తొడల మీద వేసి రాసింది. తర్వాత భుజాల మీద, పొట్ట మీద.

"రెండు దిక్కులా ఒక్క తీరే ఉందా?"

"ఒక్క తీరే."

"చేస్తున్నప్పుడు నొచ్చిందా, తెల్లారినంక నొచ్చిందా?"

"అప్పుడేం తెలియలేదు. పొద్దున లేచేసరికి పట్టేసింది."

"మెట్లు దిగి వచ్చిన్రు గదా. ఇప్పుడెట్లుంది?"

కాత్యాయని ఆలోచించింది. నిజమే, లేచినప్పటి కంటే ఇప్పుడు నయం.

"అయితే ఇదేం గాదు ఆంటీ. ఒళ్ళు పులిసింది, అంతే. కండకి కొత్త పని చెప్పినం, అది అలిగింది. రేపు ఇంకొంచెం ఉంటది, ఎల్లుండికి తగ్గుతది. ఊకె కూసోకున్రి, మెల్లగ నడువున్రి. నీళ్ళు మంచిగ తాగున్రి." తర్వాత నవ్వు మానేసి చెప్పింది. "వేరే నొప్పి ఉంటది. చేస్తున్నప్పుడే టక్కుమని వస్తది. ఒక్క దిక్కే ఉంటది. కదిలిస్తే తగ్గేది పోయి ఎక్కువైతది. వాపు రావచ్చు, వారం దాటినా పోదు. ఏడ అంటే ఒక్క వేలు పెట్టి చూపెడతరు. గా నొప్పి వస్తే మటుకు ఖలాస్. ఆపేయాలె. నాకు చెప్పాలె."

కాత్యాయనికి ఆ తేడా తెలియంది కాదు. చిన్నప్పుడు కాకినాడలో అమ్మ పెద్ద ఉతుకులు ఉతికిన మర్నాడు "ఒళ్ళు పులిసింది" అని వేణ్ణీళ్ళు పోసుకునేది, సాయంత్రానికి మామూలైపోయేది. ఒకసారి బిందె ఎత్తుతూ నడుం కలుక్కుమంటే మాత్రం నెల రోజులు మంచం దిగలేదు. రెండిటికీ రెండు మాటలు ఉన్నాయి. కానీ ఆ మాటలు ఎవరో ఎదురుగా నిలబడి, జవాబు కోసం ఆగి, తన మొహంలోకి చూస్తూ అడిగి చాలా కాలమైంది. మానేస్తానని చెప్పడానికి వెళ్ళినామె ఆ రోజు కూడా క్లాసు పూర్తి చేసే పైకి వచ్చింది.

అప్పటి నుంచి క్లాసుకి వెళ్ళగానే అయేషా అందరినీ వరసగా అడిగేది. ఇది ఆమె పద్ధతి. ఎక్కడ నొప్పి, ఎలా ఉంది, నిద్ర పట్టిందా. మిగతా ఆడవాళ్ళు ఒక్క ముక్కలో చెప్పేసి చాపలు పరుచుకునేవాళ్ళు. కాత్యాయని మాత్రం ముందు రోజు నుంచే తయారై వచ్చేది. మెట్లెక్కుతుంటే పిక్కలు ఎలా లాగాయో, చపాతీ పిండి కలుపుతుంటే వీపు మీద కొత్తగా ఎక్కడో కండ ఉందని ఎలా తెలిసిందో దాచుకుని దాచుకుని, ఊరి కబుర్లు మోసుకొచ్చినట్టు తెచ్చేది. అయేషా వింటూ బొటనవేలితో ఆమె భుజం మీద నొక్కి, "గిదా?" అనేది. "ఆఁ, అదే" అనేది కాత్యాయని. ఆ వేలు తీసేశాక కూడా కాసేపు అక్కడ వెచ్చగా ఉండేది.

నిజం చెప్పాలంటే కొన్ని రోజులు నొప్పేమీ లేదు. ఒళ్ళు అలవాటు పడింది. అలాంటి రోజుల్లో ఆమెకి బాధ వేసేది. అడిగితే చెప్పడానికి ఏమీ లేదే అని, ఉన్నదాని కంటే కాస్త ఎక్కువ చేసి చెప్పేది.

సాయంత్రాలు దీవి నుంచి ఫోను వచ్చేది.

"బావున్నావా?" అనేవాడు రామచంద్రరావు.

"బావున్నాను. మీరు?"

"బానే ఉన్నా. తిన్నావా?"

"ఇంకా లేదు. మీ మెస్సులో ఏం పెట్టారు?"

"ఏదో పెట్టారులే. ఏసీ బాగు చేసేవాడొచ్చాడా?"

"వచ్చి వెళ్ళాడు."

ఒకసారి ఒళ్ళు నొప్పుల సంగతి ఎత్తింది. "అయితే ఆ జిమ్ము మానేయ్, ఎవరు చెయ్యమన్నారు" అన్నాడతను. అది కోపం కాదు, దూరంగా ఉన్న మనిషికి ఇంకేం అనాలో తెలియక అనే మాట. ఆమె మళ్ళీ ఆ కబురు చెప్పలేదు. అతని వెనక గాలి, యంత్రాల హోరు, ఎవరో అతన్ని కేకేయడం. ఫోను పెట్టేశాక ఇల్లు అంతకు ముందు కంటే ఎక్కువ నిశ్శబ్దంగా ఉండేది.

చలికాలం మొదలయ్యేసరికి కాత్యాయని నీళ్ళ క్యాను ఎత్తి స్టాండు మీద పెట్టగలిగింది. అయేషాకి చెబితే చప్పట్లు కొట్టి, క్లాసందరి చేతా కొట్టించింది. స్కూల్లో ఇన్నేళ్ళు పనిచేసినప్పుడు కూడా ఆమెకి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సిగ్గుపడి చాప సర్దుకుంది. ఆ తర్వాతి క్లాసు నుంచి కొంచెం బరువైన డంబెల్స్ తీసుకోవడం మొదలుపెట్టింది. అయేషా చెప్పింది కాదు, తనే తీసుకుంది.

అది జరిగిన రోజు అయేషా గదికి అవతలి మూల కొత్తగా చేరిన ఒకామెకి మోకాళ్ళు ఎలా వంచాలో చూపిస్తోంది. కాత్యాయని రెండు చేతులూ తల మీదికి ఎత్తింది. ఎడమ చెయ్యి వెళ్ళింది. కుడి చెయ్యి చెవి దాటుతుండగా భుజం కొన దగ్గర కలుక్కుమంది. బిగించి కుట్టిన రవికె కుట్టు విడిపోయినట్టు లోపల ఏదో పట్టు వదిలింది. డంబెల్ని చప్పుడు కాకుండా కింద పెట్టింది. అటూ ఇటూ చూసింది. ఎవరూ చూడలేదు. నీళ్ళు తాగుతున్నట్టు సీసా ఎత్తి, క్లాసు అయ్యేదాకా అలా గోడకి ఆనుకుని నిలబడింది.

ఆ రెండు రోజులూ ఎదురు చూసింది, రెండో భుజం కూడా నొప్పి పుడితే బాగుండునని. పుట్టలేదు. కుడివైపు ఒక్కటే. అటు తిరిగి పడుకుంటే నిద్ర పట్టదు. నడిచినా, వేణ్ణీళ్ళు పోసుకున్నా తగ్గదు. చెయ్యి కొంచెం పక్కకి ఎత్తగానే అదే చోట, అదే పోటు. కళ్ళు మూసుకుని ఒక్క వేలు పెడితే సరిగ్గా అక్కడికే వెళ్ళి ఆగుతుంది. ఇది ఏ నొప్పో ఆమెకి తెలుసు. అందులో అనుమానమేమీ లేదు.

క్లాసులో అయేషా వరసగా అడుగుతూ ఆమె దగ్గరికి వచ్చింది.

"ఆంటీ, ఎట్లుంది? ఏడ నొస్తుంది?"

వేలు పెట్టి చూపిస్తే ఏమవుతుందో కాత్యాయనికి తెలుసు. ఖలాస్. ఇంటికి వెళ్ళున్రి, డాక్టరుకి చూపెట్టున్రి, తగ్గినాకే రాన్రి. వారం అవుతుందో, నెలలవుతాయో. ఈ గది, ఈ చాపలు, ఈ పిల్ల ప్రశ్న, అన్నీ తలుపుకి ఇవతల ఉండిపోతాయి. తను తొమ్మిదో అంతస్తులో ఉంటుంది.

అరచెయ్యి వెడల్పుగా పరిచి మెడ నుంచి రెండు భుజాల మీదుగా రాసింది. "ఇలా అంతా అమ్మా. మామూలుదే. పులిసింది."

"రెండు దిక్కులా?"

"రెండు దిక్కులా."

అయేషా ఒక్క క్షణం ఆమెని చూసింది. తర్వాత పక్కావిడ దగ్గరికి వెళ్ళింది.

అలా మొదలైంది. క్లాసుకి వెళ్ళినప్పుడల్లా నొప్పి ఒక మెట్టు ఎక్కేది, తర్వాత దిగేది కాదు. బరువులు మళ్ళీ చిన్నవి తీసుకుంది. ఎత్తినట్టు నటించడం నేర్చుకుంది. అయేషా ఇటు తిరిగినప్పుడు పళ్ళ బిగువున ఎత్తేది, అటు తిరగగానే దించేసేది. ఇంట్లో తిప్పలు వేరే. పై అరలో కందిపప్పు డబ్బా అందడం మానేసింది. వీపు వెనక హుక్కులు పెట్టుకోలేక ముందు బొత్తాలున్నవే వేసుకోవడం మొదలుపెట్టింది. అన్నిటి కంటే జడ. కాత్యాయనికి ఆ వయసులో కూడా ఒత్తయిన జుట్టు. కుడి చెయ్యి తల వెనక్కి వెళ్ళదు. ఎడం చేత్తో దువ్వుకుని క్లిప్పు పెట్టుకునేది, పది నిమిషాల్లో జారిపోయేది.

కొన్నాళ్ళకి కింద వీధిలో బఖాలా, అంటే కిరాణా కొట్టు పక్కనున్న లేడీస్ సెలూనుకి వెళ్ళింది. కుర్చీలో కూర్చోబెట్టి నేపాలీ అమ్మాయి, "కటింగా, కలరింగా మేడమ్?" అని హిందీలో అడిగింది.

"జడ వెయ్యాలి."

"పెళ్ళికి వెళ్తున్నారా?"

"లేదు. ఊరికే."

ఆ అమ్మాయి అద్దంలో ఆమెని వింతగా చూసి, ఇంకేమీ అనకుండా దువ్వెన తీసుకుంది. మెత్తని చేతులు. కాత్యాయని కళ్ళు మూసుకుంది. తన జడ ఇంకొకరు వేసి ఎన్నాళ్ళయిందో గుర్తు తెచ్చుకోవాలని చూసింది, రాలేదు. ఆ తర్వాత వారంలో రెండుసార్లు వెళ్ళేది. ఆ జడ చెదరకుండా దాని మీదే పడుకునేది.

ఈ నాటకం నెల పైనే సాగింది. చివరికి బయటపెట్టింది బరువు కూడా కాదు. ఆ రోజు క్లాసు మొదట్లో అందరినీ గోడ వైపు తిప్పి, ఊరికే చేతులు రెండూ పక్కల నుంచి పైకి ఎత్తమంది అయేషా. తను అందరి వెనక నిలబడి చూస్తోంది. కాత్యాయని ఎడమ చెయ్యి తిన్నగా వెళ్ళింది. కుడిచెయ్యి సగంలో ఆగి, మిగతా దారి కోసం భుజం చెవి దాకా ఎగసింది, ఒళ్ళంతా ఎడమకి ఒరిగింది.

అయేషా అందరినీ నడవమని చెప్పి ఆమెని పక్కకి పిలిచింది. బల్ల మీద కూర్చోబెట్టింది. అడగలేదు. ఆమె ఎడమ చెయ్యి తీసుకుని, చూపుడువేలు ఒక్కటి విడదీసి, "పెట్టున్రి" అంది.

కాత్యాయని వేలు భుజం కొన మీదికి వెళ్ళి ఆగింది.

"ఎప్పటి సంది?"

"నీళ్ళ క్యాను ఎత్తానని చెప్పాను చూడు. ఆ తర్వాత వారం."

అయేషా మొహం ఎర్రబడింది. "రోజూ అడిగిన గదా ఆంటీ నేను. రోజూ అడిగిన. నాకెందుకు అబద్ధం చెప్పిన్రు?"

కాత్యాయని నేల వైపు చూసింది. క్లాసు ఆడవాళ్ళు ట్రెడ్‌మిల్లుల మీద నడుస్తూ ఇటే చూస్తున్నారు. పిల్లలకి పాఠాలు చెప్పిన నోరు, అబద్ధం తప్పని ఎన్నిసార్లు చెప్పిందో. "చెప్తే రావద్దంటావని" అంది.

"అంట. అందుకే గదా అడిగేది."

"అవును. రావద్దంటే ఇక నన్నడిగేవాళ్ళు ఉండరు కదా."

అయేషా బల్ల మీద ఆమె పక్కన కూర్చుంది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయో, కోపమో కాత్యాయనికి తెలియలేదు. కాసేపటికి లేచి, "క్లాసు అయినంక ఉండున్రి. డాక్టర్ దగ్గరికి నేనొస్త" అంది.

డాక్టరు చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశాడు, స్కానింగు తీయించాడు. భుజం కండని ఎముకకి పట్టి ఉంచే తాడు లాంటిది ఒకటి ఉంటుందని, అది కొంత చిరిగిందని చెప్పాడు. కోత అవసరం లేదు. బరువులు బంద్, కొన్ని నెలలు ఫిజియోథెరపీ. "కలుక్కుమన్న రోజే వచ్చి ఉంటే ఇంత దాకా రాకపోయేది. చిన్న చిరుగు మీద రోజూ లాగారు" అన్నాడు. అయేషా గోడ మీది ఎముకల బొమ్మ వైపు తిరిగి నిలబడింది. తనకి తెలియకపోయిందే అన్న బాధ ఆ పిల్లది. ఆ బాధ తనే పెట్టిందని కాత్యాయనికి అప్పుడు అర్థమైంది. భుజం కంటే అదే ఎక్కువ నొచ్చింది.

ఆ తర్వాత అయేషా రెండుసార్లు ఇంటికి వచ్చింది. ఒకసారి ఖుబానీ మీఠా తెచ్చింది, ఒకసారి ఊరికే వచ్చి టీ తాగి వెళ్ళింది. కొన్నాళ్ళు ఫోన్లు చేసింది. తర్వాత మెసేజీలు. తర్వాత చెయ్యెత్తి దండం పెట్టే బొమ్మ. వేసవి ముందు పెళ్ళి కుదిరి రస్ అల్ ఖైమా వెళ్ళిపోతున్నానని, అక్కడే ఏదో స్కూల్లో ఆటల టీచరుగా చేరుతున్నానని చెప్పింది. దీన్లో ఎవరి తప్పూ లేదు. ఆ పిల్లకి క్లాసు నిండా భుజాలూ మోకాళ్ళూ ఉన్నాయి. అడగడం ఆమె పని, కానీ పని కోసమే అడిగిందని కూడా అనలేం. రెండూ నిజమేనని కాత్యాయనికి తోచింది. అలా తోచడం వల్ల పొద్దుల పొడుగు తగ్గలేదు.

అయేషా వెళ్ళడానికి చాలా ముందే, డాక్టరుకి చూపించిన వారానికి రామచంద్రరావు సెలవు మీద వచ్చాడు. ఆ రోజు ఆమె తలుపు తీసి, అలవాటు చొప్పున సంచీ అందుకోబోయి ఆగింది. అతను చెప్పులు విప్పుతూ చూశాడు.

"చేతికేమైంది?"

చెప్పింది. నిలబడే మొత్తం చెప్పింది. జిమ్ము, డంబెలు, డాక్టరు, చిరిగిన తాడు. అయేషాకి చెప్పిన అబద్ధం కూడా. అతను సంచీ నడవాలోనే వదిలేసి వచ్చి సోఫాలో కూర్చున్నాడు.

"ఇన్నాళ్ళూ ఫోన్లో ఒక్క మాట చెప్పలేదేం?"

"మీరడగలేదు."

"అడగకపోవడమేంటి? రోజూ బావున్నావా అని అడుగుతూనే ఉన్నాగా."

"బావున్నావా అంటే బావున్నాననే వస్తుందండీ నోటికి. మీరూ అదేగా అంటారు."

ఏసీ గుర్రుమంటోంది. అతను ప్యాంటు మడత సవరించుకుంటున్నట్టు కిందికి చూస్తూ, "నాకు ఎడమ మోకాలు సరిగ్గా లేదు" అన్నాడు. "పోయినేడాది నుంచి. నిచ్చెన దిగుతుంటే పట్టేస్తుంది. మెడికల్ చెకప్పులో తెలిస్తే దీవికి పంపరని ఎవరికీ చెప్పలేదు."

"నాకు కూడానా?"

"నీకు చెబితే కంగారుపడతావని."

ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఆపుకుని వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు కాచి, గుడ్డ ముంచి పిండి తెచ్చింది. ఎడం చేత్తో పిండడం వల్ల నీళ్ళు సరిగ్గా పోలేదు, సోఫా తడిసింది. అతను ప్యాంటు మోకాలి పైకి మడుచుకున్నాడు. వాపు ఉంది. ఆమె కాపడం పెడుతుంటే అతను కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఒకరి ఒంటి సంగతి ఒకరికి ఇంత తక్కువ తెలుసా అనిపించింది ఆమెకి. ఎదురుగా కూర్చుంటే మూడు వారాలైనా ఏం మాట్లాడుకోవాలో తెలియని మనుషులు, ఆ పూట మోకాలి గురించీ భుజం గురించీ పొద్దుపోయేదాకా మాట్లాడుకున్నారు. అతన్నీ ఒప్పించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మోకాట్లో అరుగుదల మొదలైందని, బరువు తగ్గి వ్యాయామాలు చేస్తే ఇంకొన్నేళ్ళు నెట్టుకురావచ్చని చెప్పారు.

సెలవు అయిపోయింది. అతను వెళ్ళే పొద్దున నీళ్ళ క్యాను మార్చి, పై అరల్లో డబ్బాలన్నీ దించి కింది అరల్లో సర్ది వెళ్ళాడు. ఆవాల డబ్బా, జీలకర్ర డబ్బా తారుమారుగా పెట్టాడు. ఆమె వాటిని అలాగే ఉంచింది.

ఇప్పుడు కాత్యాయని వారానికొకసారి షార్జాలోనే రోలా అనే పేటకి బస్సులో వెళ్ళి ఫిజియోథెరపీ చేయించుకుంటోంది. మిగతా రోజులు ఇంట్లోనే చేసుకోవాలి. హాల్లో గోడకి పక్కగా నిలబడి, కుడిచేతి వేళ్ళని సాలీడులా గోడ మీద పైకి నడిపిస్తుంది. ఒకచోట ఆగిపోతాయి. అక్కడ ఊపిరి పట్టి నిలబడి మెల్లగా దించుతుంది. డాక్టరు ఉన్నదున్నట్టే చెప్పాడు, చెయ్యి మునుపటిలా పూర్తిగా లేవకపోవచ్చునని. ఆమె ఇక జడ వేసుకోదు. జుట్టు మెడ దాకా కత్తిరించుకుంది. సెలూను అమ్మాయి కత్తెర పట్టుకుని రెండుసార్లు అడిగింది, నిజంగానేనా అని. కింద జిమ్ములో కొత్త ట్రైనర్ వచ్చింది. ఫిలిప్పీన్స్ అమ్మాయి, పెద్ద పాటలు పెట్టి ఒకటి రెండు మూడు అని లెక్కపెడుతుంది. ఆ పాటలు లిఫ్టు గుంటలోంచి తొమ్మిదో అంతస్తు దాకా వినపడతాయి.

సాయంత్రం ఫోను మోగింది.

"ఇవాళ ఎంత దాకా లేచింది?" అడిగాడు రామచంద్రరావు.

"స్విచ్చి బోర్డు దాటింది. మీ మోకాలు?"

"నిచ్చెన దిగుతూ ఒకసారి పట్టేసింది. లోపలివైపు. ఇందాక ఐసు పెట్టా."

"ఎంతసేపు పెట్టారు? అక్కడే..."

అటువైపు గాలి హోరు పెరిగింది. హలో, హలో అన్నాడతను. లైను పోయింది. దీవిలో సిగ్నలు అంతే, మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేం. కాత్యాయని కాసేపు ఫోను చేతిలో పట్టుకుని నిలబడింది. ఎదుటి మేడలో ఎవరో బాల్కనీ దీపం వేసి, ఆరిన బట్టలు తీసుకుంటున్నారు. ఆమె ఫోను బల్ల మీద, మోగితే వినపడేలా దగ్గరగా పెట్టుకుని గోడ వైపు తిరిగింది.